లినక్స్ సర్వర్‌లో ఈథర్‌నెట్ కార్డు డ్రైవర్‌ను సర్దుకోవడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న ఆఫీసు సర్వర్‌ను కొన్నాళ్లు నేను చూసుకున్నాను. రాత్రి పదకొండింటికి బ్యాకప్ మొదలయ్యేది, సుమారు 400 జీబీ. తెల్లారి ఎనిమిదైనా అయ్యేది కాదు. ఒకరోజు పొద్దున్నే అక్కడ పనిచేసే అనంతపురం కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నెట్‌వర్క్ చాలా స్లోగా ఉంది. ట్యూనింగ్ సెట్టింగులన్నీ పెట్టేశాను, అయినా ఏం తేడా లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే ఎక్కడో దొరికిన ముప్పై లైన్ల జాబితా మొత్తం సర్వర్‌లో ఎక్కించి ఉంది. లింకు మాత్రం 100 మెగాబిట్ల దగ్గరే ఉంది.

కేబుల్ ఊడదీసి కొసన ఉన్న కనెక్టర్‌ను కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. ఎనిమిది తీగల్లో నీలం తీగ ఒక్కటి కాస్త పొట్టిగా తెగి ఉంది, పిన్ను దాకా అందలేదు. 100 మెగాబిట్లకు రెండు జతల తీగలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. నాలుగూ కలవకపోయేసరికి లింకు తక్కువ వేగానికి దిగిపోయింది. కొత్త కనెక్టర్ వేసి క్రింప్ చేశాం. ఆ రాత్రి బ్యాకప్ గంటలోపే ముగిసింది. ఆ ముప్పై లైన్లలో ఏ ఒక్కటీ నీలం తీగ జోలికి వెళ్లేది కాదు.

అందుకే ఇక్కడ సెట్టింగుల జాబితా ఇవ్వను. ప్యాకెట్ వచ్చే దారి వెంటే మనమూ నడుద్దాం: ముందు తీగ, తర్వాత కార్డు, రింగ్ బఫర్, ఇంటరప్ట్ (కార్డు సీపీయూను పిలిచే పిలుపు), సీపీయూ, చివరికి అప్లికేషన్. ప్రతి మజిలీలో కార్డో కెర్నలో ఒక లెక్క రాసి పెడుతుంది. ఏ లెక్క పెరుగుతోందో అక్కడ మాత్రమే చెయ్యి పెట్టండి.

కమాండ్ల పేర్లు పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. చిన్నక్షరమో పెద్దక్షరమో ప్రతిచోటా చెప్తాను, ఎందుకంటే కార్డు సెట్టింగులు చూపించి మార్చే ఈథ్‌టూల్ అనే కమాండ్‌లో దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. చిన్న జి రింగు సైజు చూపిస్తుంది, పెద్ద జి మారుస్తుంది. చిన్న కె, పెద్ద కె అంతే. చిన్న సి, పెద్ద సి అంతే. ఎస్ దగ్గర మాత్రం తిరగబడుతుంది: పెద్ద ఎస్ లెక్కలు చూపిస్తుంది, చిన్న ఎస్ స్పీడ్, డూప్లెక్స్ (రెండు వైపులా ఒకేసారి పంపగలిగితే ఫుల్, లేకపోతే హాఫ్) మార్చేస్తుంది. నడుస్తున్న సర్వర్ మీద ఇది తారుమారు కానివ్వకండి.

ఏ కార్డు, ఏ డ్రైవర్

మొదట ఐపీ లింక్ అని కొట్టి ఇంటర్‌ఫేస్ పేరు తెలుసుకోండి. ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేరు కనిపిస్తుంది. ఈఎన్ అంటే ఈథర్‌నెట్, పీ3 అంటే మూడో పీసీఐ బస్, ఎస్0 అంటే సున్నా స్లాట్. ఇప్పుడు ఈథ్‌టూల్ పక్కన డ్యాష్ చిన్న ఐ, ఆ పక్కన ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వండి. డ్రైవర్ పేరు, ఫర్మ్‌వేర్ వెర్షన్ వస్తాయి.

ఇంటెల్ కార్డుల్లో ఒక్కో తరానికి ఒక్కో డ్రైవర్ ఉంది. పాత పీసీఐ కార్డులకు ఈ1000. మదర్‌బోర్డు మీద ఉండే ఐ217, ఐ219 లాంటివాటికి ఈ1000ఈ. ఐ350, ఐ210 లాంటి సర్వర్ గిగాబిట్ కార్డులకు ఐజీబీ. 2.5 గిగాబిట్ ఐ225, ఐ226లకు ఐజీసీ. 10 గిగాబిట్ 82599, ఎక్స్540లకు ఐఎక్స్‌జీబీఈ. రియల్‌టెక్ గిగాబిట్ కార్డులకు కెర్నల్‌లో ఉండేది ఆర్8169. ఈ పేరు తెలియకుండా ఎక్కడో చదివిన సెట్టింగు పెట్టకండి. ఒక డ్రైవర్‌లో ఉన్న ఆప్షన్ ఇంకో డ్రైవర్‌లో ఉండకపోవచ్చు, ఉన్నా దాని అర్థం వేరు కావచ్చు. మోడ్‌ఇన్ఫో డ్యాష్ చిన్న పి పక్కన డ్రైవర్ పేరు ఇస్తే ఆ డ్రైవర్ ఒప్పుకునే పారామీటర్లన్నీ చూపిస్తుంది.

కార్డు కొనాల్సి వస్తే నా మొగ్గు బెంగళూరు ఎస్పీ రోడ్ సందుల్లో దొరికే వాడిన సర్వర్ కార్డుల వైపే. కొత్త సాదా కార్డు కన్నా వాడిన ఐ350కి క్యూలు (ప్యాకెట్లను పంచి పెట్టే వరుసలు) ఎక్కువ, లెక్కలు వివరంగా ఇస్తుంది. కొనేముందు దుకాణంలోనే మెషీన్‌లో పెట్టించి, డ్రైవర్ ఎక్కుతోందో లేదో, ప్రతి పోర్టుకూ లింకు వస్తోందో లేదో చూసుకోండి. నాలుగు పోర్టుల కార్డులో ఏ పోర్టు ఏదో తెలియకపోతే ఈథ్‌టూల్‌కు డ్యాష్ చిన్న పి, ఇంటర్‌ఫేస్ పేరు, పక్కన 10 ఇవ్వండి. ఆ పోర్టు లైటు పది సెకన్లు మిణుకుమిణుకుమంటుంది. ర్యాక్ వెనక చీకట్లో కేబుళ్లు వెతుక్కునేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

తయారీదారు సైటులో కొత్త డ్రైవర్ ఉందని తొందరపడి దింపుకోకండి. కెర్నల్‌తో పాటు వచ్చే డ్రైవర్ కెర్నల్ అప్‌డేట్‌తో తనూ అప్‌డేట్ అవుతుంది. బయటి డ్రైవర్‌ను ప్రతి కెర్నల్‌కూ మళ్లీ కంపైల్ చేయాలి. ఆ పని డీకేఎంఎస్ అనే సాధనానికి అప్పగించినా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ ఎక్కించుకోదు. అప్‌డేట్ తర్వాత రీబూట్ చేస్తే నెట్‌వర్కే ఉండదు. మీ కార్డుకు సంబంధించిన ఫలానా లోపం ఫలానా వెర్షన్‌లో సరిచేశారని స్పష్టంగా రాసి ఉంటే తప్ప బయటి డ్రైవర్ వద్దు.

మార్చే ముందు కొలవండి

రెండు మెషీన్లలో వేగం కొలిచే ఐపెర్ఫ్3 వేయండి. ఒకదానిలో డ్యాష్ చిన్న ఎస్‌తో సర్వర్‌గా నడపండి, ఇంకోదాని నుంచి డ్యాష్ చిన్న సి, ఆ సర్వర్ ఐపీ ఇచ్చి కొలవండి. తర్వాత పెద్ద ఆర్ కలిపి అటు నుంచి ఇటు కూడా కొలవండి. రెండు వైపులా ఒకే వేగం రావాలని రూలేమీ లేదు, ఒకవైపే తగ్గితే అదే మొదటి ఆధారం.

గిగాబిట్ లింకులో టీసీపీకి వచ్చే గరిష్ఠ వేగం దాదాపు 941 మెగాబిట్లు. 1000 రాలేదని టెన్షన్ పడొద్దు. ఒక నిండు ఫ్రేమ్ తీగ మీద ముందూ వెనకా ఉండే ఖాళీతో కలిపి 1538 బైట్ల చోటు తీసుకుంటుంది, అందులో మన డేటా 1448 బైట్లు. లెక్క కడితే 94 శాతం. మీకు 935, 940 వస్తూ ఫైల్ కాపీ మాత్రం నెమ్మదిగా ఉంటే, వెతకాల్సింది డిస్కులో, కార్డులో కాదు. ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇంకో జాగ్రత్త. రింగు సైజు, క్యూల సంఖ్య లాంటివి మారిస్తే చాలా డ్రైవర్లు ఇంటర్‌ఫేస్‌ను రీసెట్ చేస్తాయి, లింకు కొన్ని సెకన్లు పడిపోయి లేస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌లో దూరం నుంచి చేస్తుంటే, మార్చే ముందే పాత విలువను ఐదు నిమిషాల తర్వాత తిరిగి పెట్టే కమాండ్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపి ఉంచండి. అంతా బాగుంటే దాన్ని ఆపేయండి. లేకపోతే సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటుకుని ఆఫీసుకు వెళ్లాల్సి వస్తుంది.

తీగ

ఈథ్‌టూల్ పక్కన ఏ ఆప్షన్ లేకుండా ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వండి. స్పీడ్ 1000, డూప్లెక్స్ ఫుల్, ఆటో నెగోషియేషన్ (రెండు వైపులూ మాట్లాడుకుని వేగం తేల్చుకోవడం) ఆన్ అని ఉండాలి. స్పీడ్ తక్కువుంటే ముందు కేబుల్, తర్వాత స్విచ్ పోర్టు మార్చి చూడండి.

స్పీడ్‌ను చేత్తో బిగించడం పాత అలవాటు, దాన్ని వదిలేయాలి. రాగి తీగల మీద గిగాబిట్ నడవాలంటే ఆటో నెగోషియేషన్ ఉండాలని ప్రమాణంలోనే ఉంది. ఒకవైపు 100 ఫుల్ అని బిగించి, ఇంకోవైపు ఆటో వదిలేస్తే, ఆటోలో ఉన్న వైపు స్పీడ్‌ను కనిపెట్టగలదు గానీ డూప్లెక్స్‌ను కనిపెట్టలేదు, హాఫ్ అనుకుంటుంది. పింగ్ బాగానే వెళుతుంది, పెద్ద ఫైల్ కాపీ చేస్తే కూలబడుతుంది. ఈ లోపం మనుషుల్ని రోజుల తరబడి తిప్పుతుంది.

తర్వాత పెద్ద ఎస్‌తో లెక్కలు తీయండి. పేరులో సీఆర్‌సీ ఎర్రర్స్ అని ఉన్నది వెతకండి, అది దారిలో చెడిపోయి వచ్చిన ఫ్రేముల లెక్క. పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అది పెరుగుతూ ఉంటే కేబుల్, కనెక్టర్, లేదా కరెంటు తీగల పక్కనే నడిపిన లైను. దీనికి ఏ డ్రైవర్ సెట్టింగూ మందు కాదు.

లింకు ఉన్నట్టుండి పడిపోయి లేస్తుంటే, కేబుల్ బాగానే ఉంటే, ఈఈఈ అనే విద్యుత్ పొదుపు సదుపాయాన్ని అనుమానించండి. 2010లో ప్రమాణంగా వచ్చింది ఇది, డేటా లేనప్పుడు లింకును నిద్రపుచ్చుతుంది. కొన్ని కార్డులకూ స్విచ్‌లకూ దీని దగ్గర పడదు. ఈథ్‌టూల్‌కు రెండు డ్యాష్‌లతో సెట్-ఈఈఈ, ఇంటర్‌ఫేస్ పేరు, తర్వాత ఈఈఈ ఆఫ్ ఇచ్చి ఒకరోజు గమనించండి.

రింగ్ బఫర్

ఎక్కువ ట్రాఫిక్ ఉన్న సర్వర్లలో నిజంగా పని చేయించేది ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

కార్డుకు వచ్చిన ప్యాకెట్ నేరుగా అప్లికేషన్‌కు వెళ్లదు. డ్రైవర్ మెమరీలో ముందే కొన్ని ఖాళీ గిన్నెలు వరుసగా పేర్చి ఉంచుతుంది. కార్డు ఒక్కో గిన్నెలో ఒక్కో ప్యాకెట్ వేసి, సీపీయూను పిలుస్తుంది. సీపీయూ వచ్చి నిండినవి తీసుకుని మళ్లీ ఖాళీవి పెడుతుంది. ఈ గిన్నెల వరుసే రింగు. చిన్న జితో చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి, పైన గరిష్ఠం, కింద ఇప్పటి విలువ. ఐజీబీలో మామూలుగా గరిష్ఠం 4096, ఇప్పటిది 256.

256 చాలా? గిగాబిట్ లింకు నిండు ఫ్రేములతో నిండిపోతే సెకనుకు దాదాపు 81 వేల ఫ్రేములు వస్తాయి. అంటే 256 గిన్నెలు మూడు మిల్లీసెకన్లలో నిండిపోతాయి. అన్నీ 64 బైట్ల చిన్న ఫ్రేములైతే సెకనుకు 14 లక్షల 88 వేలు రావచ్చు, అప్పుడు మిల్లీసెకనులో ఐదో వంతు కూడా పట్టదు. ఆ కాస్త సమయంలో సీపీయూ వేరే పనిలో ఉంటే, వచ్చిన ప్యాకెట్‌కు చోటుండదు.

ఐజీబీలో దీనికి రెండు లెక్కలున్నాయి, రెండింటి తేడా తెలిసి ఉండాలి. పేరులో నో బఫర్ కౌంట్ అని ఉన్నది, మెమరీలో గిన్నె దొరకని సందర్భాల లెక్క. అప్పటికి ప్యాకెట్ కార్డులోని సొంత చిన్న మెమరీలో ఆగి ఉండొచ్చు, ఇంకా పోలేదు. మిస్డ్ ఎర్రర్స్ అని ఉన్నది, ఆ మెమరీ కూడా నిండిపోయి కార్డు పారేసిన ప్యాకెట్ల లెక్క. మొదటిది పెరుగుతుంటే హెచ్చరిక, రెండోది పెరుగుతుంటే నష్టం. రెండూ సున్నా దగ్గరే ఉంటే రింగును కదపకండి.

పెరుగుతుంటే పెద్ద జి ఇచ్చి, ఇంటర్‌ఫేస్ పేరు, ఆర్ఎక్స్ (అందుకునే వైపు), 512 అని పెట్టండి. రద్దీ ఉండే వేళలో మళ్లీ లెక్క చూడండి. ఇంకా పెరుగుతుంటే 1024. ఒకేసారి 4096కు ఎగబాకే అలవాటు చాలామందికి ఉంది, నాకది నచ్చదు. ఆ సంఖ్య ఒక్కో క్యూకు విడివిడిగా వర్తిస్తుంది. ఎనిమిది క్యూలు, ఒక్కో గిన్నె 2 కేబీ అనుకుంటే 64 ఎంబీ అవుతుంది. మెమరీ పోతే పోనీ, అంత పెద్ద వరుస సీపీయూ క్యాష్‌లో పట్టదు. పైగా రింగు పెద్దదైతే నిండిన ప్యాకెట్లు అందులో ఎక్కువసేపు నిలిచిపోతాయి, గిగాబిట్‌లో 4096 నిండు ఫ్రేములంటే 50 మిల్లీసెకన్ల సరుకు. వాయిస్ కాల్స్ నడిచే మెషీన్‌లో అది వినిపిస్తుంది.

ఇంటరప్టులు, క్యూలు

ప్రతి ప్యాకెట్‌కూ సీపీయూను పిలిస్తే దానికి వేరే పని సాగదు. అందుకే కార్డు కొద్దిసేపు ఆగి, కొన్ని ప్యాకెట్లను కలిపి ఒకేసారి పిలుస్తుంది. చిన్న సితో చూడండి. ఈ1000ఈ, ఐజీబీలలో ఆర్ఎక్స్-యూసెక్స్ విలువ 3 అని కనిపిస్తుంది. అది మూడు మైక్రోసెకన్లు అని చాలామంది పొరబడతారు. ఆ డ్రైవర్లలో 3 అంటే ట్రాఫిక్‌ను బట్టి తనే సర్దుకునే మోడ్. ఈ1000ఈలో ఆ మోడ్ పెద్ద కాపీలప్పుడు సెకనుకు 4000 ఇంటరప్టులకు దించుతుంది, చిన్న ప్యాకెట్లప్పుడు 20,000 దాకా పెంచుతుంది. ఫైల్ సర్వర్‌కు ఇంతకన్నా మంచిది చేత్తో పెట్టడం కష్టం. కాస్త ఆలస్యం కూడా ఓర్చుకోలేని అప్లికేషన్ ఉంటే 1 పెట్టి చూడండి. 0 పెడితే ఆపడమే ఉండదు, ప్రతి ప్యాకెట్‌కూ పిలుపే.

చిన్న ఎల్ ఇస్తే ఎన్ని క్యూలున్నాయో కనిపిస్తుంది. ఐ350లో పోర్టుకు ఎనిమిది, ఐ210లో నాలుగు. కార్డు పంపేవాడి ఐపీ, అందుకునేవాడి ఐపీ, పోర్టు నంబర్లు కలిపి హ్యాష్ చేసి ఏ కనెక్షన్ ఏ క్యూకు వెళ్లాలో నిర్ణయిస్తుంది. కాబట్టి ఒకే కనెక్షన్ ఎంత పెద్దదైనా ఒకే క్యూలో, మామూలుగా ఒకే కోర్ మీద నడుస్తుంది. ప్రాక్ ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ ఫైల్ తెరిచి, మీ ఇంటర్‌ఫేస్ వరుసల్లో అంకెలన్నీ ఒకే సీపీయూ కింద పోగవుతున్నాయో లేదో చూడండి. పోగవుతుంటే, ఇంటరప్టులను కోర్ల మధ్య పంచే ఐఆర్‌క్యూబ్యాలెన్స్ సర్వీసు నడుస్తోందా అని చూడటం చాలాసార్లు సరిపోతుంది.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పీపీపీఓఈ లాగిన్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్‌కు లినక్స్ మెషీన్‌నే రౌటర్‌గా పెట్టుకున్నవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఆ ఫ్రేముల్లో ఐపీ హెడర్ ఇంకో పొర లోపల ఉంటుంది, ఇలాంటి కార్డులు దాన్ని చూడలేవు. దాంతో ఇంటర్నెట్ నుంచి వచ్చేదంతా సున్నా క్యూలో పడి ఒకే కోర్ నలిగిపోతుంది. అప్పుడు ఆ పంపకాన్ని కెర్నల్‌తోనే చేయించాలి. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, నెట్, మీ ఇంటర్‌ఫేస్, క్యూస్, ఆర్ఎక్స్-0 దాకా వెళితే ఆర్‌పీఎస్ సీపీయూస్ అనే ఫైల్ ఉంటుంది. అందులో నాలుగు కోర్లకు చిన్న ఎఫ్ అనే ఒక్క అక్షరం రాయండి. సీపీయూ వాడకం చూపే టాప్ కమాండ్ తెరిచి పెట్టుకుని చేస్తే, ఒక్క కోర్ మీద ఉన్న బరువు నాలుగింటికీ సర్దుకోవడం కళ్లముందే కనిపిస్తుంది.

సీపీయూ దగ్గర ఆలస్యమవుతోందో లేదో తెలియాలంటే ప్రాక్, నెట్ కింద సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైల్ చూడండి. ఒక్కో సీపీయూకు ఒక్కో వరుస, అంకెలు హెక్స్‌లో ఉంటాయి. రెండో నిలువు వరుస పారేసిన ప్యాకెట్లు. మూడోది, పని మిగిలి ఉండగానే కోటా అయిపోయి ఆపేసిన సందర్భాలు. మూడోది గబగబా పెరుగుతుంటే, కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌లో నెట్, కోర్ కింద ఉండే నెట్‌డెవ్ బడ్జెట్‌ను 300 నుంచి 600 చేయండి. అప్పుడప్పుడూ ఒకటి రెండు పెరిగితే పట్టించుకోనక్కర్లేదు.

ఆఫ్‌లోడ్లు

చిన్న కెతో చూస్తే పెద్ద జాబితా వస్తుంది. చెక్‌సమ్ లెక్కించడం, పెద్ద డేటాను ప్యాకెట్లుగా కోయడం లాంటి పనులు సీపీయూ బదులు కార్డు చేస్తుంది. వీటిని ఆన్‌లోనే ఉంచండి. మార్చాల్సిన సందర్భాలు రెండే చెప్తాను. మెషీన్ రౌటర్‌గానో బ్రిడ్జిగానో పనిచేస్తుంటే, వచ్చిన ప్యాకెట్లను ఒకటిగా కలిపే ఎల్ఆర్ఓ ఆఫ్‌లో ఉండాలి, అది కలిపేసిన ప్యాకెట్లను ముందుకు పంపడం కుదరదు. అదే పనిని కెర్నల్ చేసే జీఆర్ఓతో ఆ బాధ లేదు. రెండోది, ఐ219 ఉన్న కొన్ని డెస్క్‌టాప్‌లలో డీమెస్‌జీ అనే కమాండ్ చూపే కెర్నల్ లాగ్‌లో డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ అనే వరుస కనబడి నెట్‌వర్క్ ఆగి ఆగి నడుస్తుంది. పెద్ద కెతో టీఎస్ఓ, జీఎస్ఓ (పెద్ద డేటాను ప్యాకెట్లుగా కోసేవి) ఆఫ్ చేయండి. సీపీయూకు కొంచెం పని పెరుగుతుంది, ఆగడం మాత్రం చాలావరకు పోతుంది.

ఆఫ్‌లోడ్లు ఉన్న మెషీన్‌లో, ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ నడిపితే పంపే ప్యాకెట్లలో చెక్‌సమ్ తప్పని చూపిస్తుంది, 1500 దాటిన ప్యాకెట్లూ కనిపిస్తాయి. కంగారు పడకండి. కార్డు పని మొదలుపెట్టకముందు తీసిన నకలు అది.

ఎంటీయూ, సాకెట్ బఫర్లు

ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెడితే గిగాబిట్‌లో 941 కాస్తా 990 దాకా వెళుతుంది. దానికోసం స్విచ్, ఆ నెట్‌వర్క్‌లోని ప్రతి మెషీన్ 9000కు ఒప్పుకోవాలి. ఒక్కటి తప్పినా చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, పెద్దవి మాయమవుతాయి. స్టోరేజ్ కోసం విడిగా లైను ఉంటే చేయండి, ఆఫీసు మామూలు నెట్‌వర్క్‌లో వద్దు. పరీక్షకు పింగ్‌కు డ్యాష్ పెద్ద ఎం డూ, డ్యాష్ చిన్న ఎస్ 8972 ఇవ్వండి. మిగతా 28 బైట్లు హెడర్లవి.

టీసీపీ బఫర్ల విషయంలో దూరమే ముఖ్యం. ఆఫీసు లోపల రౌండ్ ట్రిప్ ఒక మిల్లీసెకను కూడా ఉండదు, మామూలు బఫర్లు ఎక్కువే. అమెరికాలోని సర్వర్‌కు వెళ్లి రావడానికి పావు సెకను పడితే, గిగాబిట్ లింకును నింపడానికి దారిలో 31 ఎంబీ ఉండాలి. పాత లినక్స్ కెర్నళ్లలో టీసీపీ ఆర్‌మెమ్ (అందుకునే బఫర్) గరిష్ఠం మామూలుగా 6 ఎంబీ, దాంతో ఒక్క కనెక్షన్ 200 మెగాబిట్లు దాటదు. అలాంటి కాపీలు రోజూ ఉంటే అందుకునే వైపు ఆర్‌మెమ్, పంపే వైపు డబ్ల్యూమెమ్ గరిష్ఠాలను 64 ఎంబీకి పెంచండి. ఆ కుర్రాడు ఎక్కించిన ముప్పై లైన్లలో సగం ఇవే, వాళ్ల బ్యాకప్ వెళ్లేది మాత్రం పక్క గదిలోకి.

రీబూట్ తర్వాత నిలవాలంటే

ఈథ్‌టూల్‌తో చేసినవన్నీ రీబూట్‌తో పోతాయి. ప్రయోగం చేస్తున్నంతసేపూ అదే మనకు రక్షణ. వారం రోజులు లెక్కలు నిలకడగా ఉన్నాక శాశ్వతం చేయండి. నెట్‌వర్క్ మేనేజర్ వాడే మెషీన్‌లో ఎన్ఎంసీఎల్ఐతో ఆ కనెక్షన్‌కే రింగు సైజు ఇవ్వొచ్చు. సర్వర్లలో నేను వాడేది సిస్టమ్‌డీ లింక్ ఫైల్. ఈటీసీ, సిస్టమ్‌డీ, నెట్‌వర్క్ ఫోల్డర్‌లో 10తో మొదలై డాట్ లింక్‌తో ముగిసే ఫైల్ పెట్టి, మ్యాచ్ భాగంలో కార్డు మ్యాక్ అడ్రస్, లింక్ భాగంలో ఆర్ఎక్స్ బఫర్ సైజ్ రాయండి.

అందులో ఒక గుంట ఉంది. ఒక కార్డుకు సరిపోయిన మొదటి లింక్ ఫైల్ మాత్రమే పనిచేస్తుంది, మిగతావి చూడదు. ఇంటర్‌ఫేస్‌కు ఈఎన్‌పీ3ఎస్0 అని పేరు పెట్టే నియమం 99తో మొదలయ్యే డిఫాల్ట్ ఫైల్‌లో ఉంటుంది. మీ ఫైల్ ముందు తగిలితే ఆ నియమం చదవదు, రీబూట్ తర్వాత పేరు ఈటీహెచ్0 అయిపోవచ్చు. ఐపీ సెట్టింగులన్నీ పాత పేరు మీద ఉంటాయి కాబట్టి సర్వర్ నెట్‌వర్క్‌లోకే రాదు. డిఫాల్ట్ ఫైల్‌లోని నేమ్ పాలసీ వరుసను మీ ఫైల్‌లోకి కూడా ఎత్తి రాయండి.

మాడ్యూల్ పారామీటర్లు మార్చి ఉంటే అవి ఈటీసీలోని మోడ్‌ప్రోబ్ డాట్ డి ఫోల్డర్‌లో ఉండాలి. డెబియన్, ఉబుంటులలో ఆ తర్వాత అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ డ్యాష్ చిన్న యు నడపండి, లేదంటే బూట్ మొదట్లోనే డ్రైవర్ పాత విలువలతో ఎక్కేస్తుంది.

మొదటి రీబూట్‌ను సర్వర్ పక్కన మానిటర్, కీబోర్డు పెట్టుకుని చేయండి. ఐపీ లింక్‌లో పేరు అదేనా, చిన్న జిలో 1024 నిలిచిందా, ఐపెర్ఫ్3 మునుపటి అంకె ఇస్తోందా చూసుకుని, ఆ మూడూ తేదీతో సహా సర్వర్‌లోనే ఒక ఫైల్‌లో రాసి పెట్టి బయల్దేరండి.